శనివారపు పులుసు, ఆదివారపు చదువు

మా పత్రికా సంపాదకులు ప్రతి సంవత్సరమును ఉపాధ్యాయుల గదికి వచ్చి, విద్యార్థులకు ఉపకరించు వ్యాస మొకటి వ్రాయుడని కోరుదురు. మేమును ప్రతి సంవత్సరమును వ్రాయుచున్నాము. మూడేండ్ల క్రిందట మేము వ్రాసినది కాలము యొక్క విలువను గూర్చి. ఆ వ్యాసమును గడువు దాటిన పదునొకండవ దినమున వారి చేతికిచ్చితిమి. వారు పెద్దమనుష్యులు గనుక ఏమియు ననక అచ్చు వేయించిరి. ఆ యనుభవముచేత ఈ యేడు అట్టి గొప్ప విషయముల జోలికి పోక, మాకు నిజముగా తెలిసిన చిన్న సంగతినే వ్రాయదలచితిమి. ఉద్యోగము చేయుచు చదువుకొనువాడు ఆదివారమున ఏమి తినవలెను, దానిని ఎవరు వండవలెను అనునదే ఆ సంగతి.

మేమనగా మువ్వురము: ఒకరు గణితోపాధ్యాయులు, ఒకరు కార్యాలయపు గుమాస్తా, ఒకరు ప్రయోగశాల సహాయకులు. బాలికలకు కుట్టుపని నేర్పు టీచరుగారు మాకు తోడు నాల్గవవారు. రెండేండ్ల క్రిందట నలుగురమును దూరవిద్యలో పేర్లు చేర్చుకొంటిమి. గణితము వారు ఎం.ఏ. అర్థశాస్త్రమునకు, గుమాస్తాగారు బి.కాం.నకు, మిగిలిన యిద్దరును బి.ఏ.కు. నెలకు మూడు ఆదివారములు ఉదయపు ప్యాసింజరు బండిలో గుంటూరునకు పోయి, పది గంటలనుండి నాలుగు గంటలవరకు బల్లలపై కూర్చుండి వచ్చుచుంటిమి. ఈ వార్త మా విద్యార్థులకు కలిగించిన యానందము ఇంతంత కాదు. “సార్, మీకు కూడ పరీక్షలా?” అని వారు అడిగిన తీరులో గౌరవమెంత యున్నదో చెప్పలేము గాని, సంతోషము మాత్రము మిక్కుటముగా నుండెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన పెన్నును మా గణితము వారికి ఇచ్చి, ఇది కలిసివచ్చు పెన్ను అని ధైర్యము చెప్పెను. వారు దానినే తీసికొని పోయిరి.

పనివారికి చదువు చెప్పవలెనను తలంపు క్రొత్తది కాదు. 1823లో డాక్టరు జార్జి బర్క్‌బెక్ మొదలగువారు లండను నగరమున పనివారికొరకు విద్యాలయమును నెలకొల్పిరి. పగలు పనిచేసి సాయంకాలము చదువుకొను పద్ధతి అక్కడ నేటికిని సాగుచున్నది. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోను టపా మూలముగ పాఠములు పంపుట కారంభించెను. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము పుట్టినది. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. 1991 నుండి డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు గారి పేర వ్యవహరింపబడుచున్నది. దానికి మొదటి వైస్‌ఛాన్సలరైన ఆచార్య జి. రామిరెడ్డిగారే 1985లో ఢిల్లీ యందలి ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును మొదటి వైస్‌ఛాన్సలరైరి. చిన్ననాడు బడి మానినవారికిని, పెండ్లితో చదువు తెగిపోయినవారికిని వీరు తలుపు తెరచిరి. అందుకు మేము ఋణపడి యున్నాము. కాని ఆ తలుపులో అడుగుపెట్టువానికి అన్నము వండువారెవరో ఏ ప్రాస్పెక్టసునందును వ్రాసియుండలేదు. తీరిక వేళలలో చదువుకొనవచ్చునని మాత్రము అందరును చెప్పుదురు.

ఆ తీరిక వేళ ఎక్కడ నున్నదో చూతమని మా గణితము వారొకనాటి సాయంకాలము నల్లబల్లపై వారమును కొలిచిరి. వారమునకు 168 గంటలు. నిద్ర దినమునకు 7 చొప్పున 49. బడిలో ఆరు దినములు ఎనిమిదేసి గంటలు, 48. (1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికులకు వారమునకు విధించిన హద్దును ఈ 48 గంటలే, ఆ విషయమున మాకు ఫిర్యాదు లేదు.) ఇంటికిని బడికిని రాకపోకలు 9. స్నానము, భోజనము, కాఫీ దినమునకు రెండున్నర చొప్పున 17½. బజారు, ఇంటి పనులు దినమునకు 2 చొప్పున 14. నోటు పుస్తకములు దిద్దుటకు 10. ఆరాధనకును కూటములకును 5. సొంత బిడ్డలను చదివించుటకు 7. ఆదివారపు తరగతికి ప్రయాణముతో కూడ 9. కూడి చూడగా 168½ వచ్చెను. అరగంట అప్పు పడితిమి. అప్పటికింకను పుస్తకము తెరవనేలేదు.

మేము నవ్వుచుండగా కుట్టు టీచరుగారు సుద్దముక్క అందుకొని, “మాస్టారూ, ఇంటి పనికి రోజుకు రెండు గంటలేనా? ఎవరింట్లో?” అని అడిగి, 14ను తుడిచివేసి 35 వేసిరి. దినమునకు అయిదు గంటలు. మొత్తము 189½ అయ్యెను. దానిని 24 చేత భాగించిన దాదాపు ఎనిమిది. “నాకు ఎనిమిది రోజుల వారం కావాలండీ. అది ఏ యూనివర్సిటీలో ఇస్తారో కనుక్కోండి” అనిరి. అదియు హాస్యమనియే తలచి మరింత నవ్వి, బల్ల తుడిచి ఇండ్లకు పోతిమి. ఆ లెక్క తుడువకుండ నుంచవలసినదని తరువాత తెలిసినది.

ఆదివారము మీద హక్కు గలవారు చాలమంది. మొదటిది దేవాలయము. మేము దూరవిద్యలో చేరినప్పుడు సంఘ పెద్దలలో కొందరు నొచ్చుకొనిరి. మా గుమాస్తాగారు గాయకబృందమున మంద్రస్వరము పాడువారు. ఆయన లేకపోవుటచేత పాట గాలిలో తేలిపోవుచున్నదని వారి బాధ. ప్రభువు దినమున వాణిజ్యశాస్త్రము చదువుట తగునా యని ఒక పెద్దాయన నేరుగనే అడిగిరి. మేము ఆయనకు చెప్పినది ఇది. ఆదివారపు బడి యనునది మొదట పుట్టినదే పనిచేయు బిడ్డలకొరకు. 1780లో ఇంగ్లండు దేశపు గ్లాస్టరు పట్టణమున రాబర్టు రైక్సు అను పత్రికాధిపతి దానిని ఆరంభించినప్పుడు, ఆ పిల్లలు తక్కిన ఆరు దినములును పనిలో నుండెడివారు. వారికి అక్షరములు నేర్పుటకు మిగిలిన దినము ఆదివార మొక్కటియే. కావున మేము ఆచారమును చెరుపుటలేదు, దాని మొదటి రూపమునకు పోవుచున్నాము అంటిమి. పెద్దాయన కొంతసేపు ఆలోచించి, ఆ పిల్లలను గుడికి కూడ తీసికొనిపోయిరా లేదా యని అడిగిరి. తీసికొనిపోయిరి. ఆ మాటతో మేము ఓడితిమి. అప్పటినుండి తరగతిలేని ఆదివారమున తప్పక గుడికి పోవుచు, తరగతియున్న నాడు బండికి ముందు జరుగు తెల్లవారుజాము ఆరాధనకు పోవుచున్నాము. ఆ వేళ గుమాస్తాగారి మంద్రస్వరము మరింత మంద్రముగా నుండునని వినికిడి.

రెండవ హక్కు విశ్రాంతిది. దీనిని తేలికగా తలపరాదు. మనము పుట్టుకతోనే అనుభవించుచున్నాము గనుక ఆదివారపు సెలవు సూర్యచంద్రులతోపాటు వచ్చినదనుకొందుము. బొంబాయి మిల్లుల పనివారికి అది లేకుండెను. నారాయణ మేఘాజీ లోఖండేగారు 1884లో వారికొక సంఘము నేర్పరచి, మహజరులు పంపి, సభలు జరిపి, యేండ్లకొలది అడుగగా 1890 జూను 10వ తేదీన యజమానులు ఆదివారము సెలవిచ్చుట కంగీకరించిరి. మరుసటి సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టమున వారమునకొక దినపు విరామము చేరినది. ఒకరు పోరాడి తెచ్చిన దినమును మేము ప్యాసింజరు టిక్కెట్టు కొని మరల పనికి అప్పగించుచున్నామే యని మా ప్రయోగశాల సహాయకులు ఒకనాడు బండిలో అనిరి. అందుకే మేమొక కట్టుబాటు చేసికొంటిమి: ఆదివారము బండి దిగిన తరువాత ఎవరును పుస్తకము ముట్టరాదు. ఒక మిత్రుడు దీనిని సోమరితనమనెను. ఆయన ఒకేసారి రెండు డిప్లొమాలకు కట్టి, రెండింటిని విడిచినవాడు. కావున ఆయన మాటను మేము పాటించలేదు.

మూడవ హక్కు కడుపుది. ఇది తక్కినవానివలె వాదింపదు. వేళకు వచ్చి వసూలు చేసికొనిపోవును.

మన క్రైస్తవ గృహములలో ఆదివారపు మధ్యాహ్నమునకు కూర వండనివారు అరుదు. తెల్లవారకముందే మాంసపు దుకాణము నొద్ద వరుసలో నిలుచుండు సంఘస్థులలో సగముమందిని, తరువాత గుడిలో అదే వరుసలో చూడవచ్చును. ఆ భోజనమును వదలుకొని గుంటూరునకు పోవుట మాకు మొదట మొదట పరీక్షలకంటె కష్టముగా తోచెను. ఆ లోటు తీర్చుకొనుటకై మొదటి రెండు నెలలు స్టేషను దగ్గర బిరియాని తినుచుంటిమి. బిరియాని మంచిదే. కాని రెండు గంటల తరగతికి అది పనికిరాదు. ఒకనాడు ఆచార్యులవారు బల్లపై డిమాండు రేఖను గీయుచుండగా, మా గణితము వారి కన్ను మూతపడి, చేతి పెన్ను పుస్తకముమీద తనంతట తాను జారి యొక గీత గీసినది. లేచి చూచుకొనగా అదియు ఎడమనుండి కుడికి క్రిందికి వాలి, బల్లమీది రేఖకు సరిపోయినది. అర్థశాస్త్రమున ఆయనకు నేటికిని మరువరాని పాఠమదియే.

అటుపిమ్మట కుట్టు టీచరుగారు తమకొరకు తెచ్చుకొను పులిహోరలో మాకును కొంచెము పెట్టిరి. మరుసటి వారము కొంచెము ఎక్కువ తెచ్చిరి. మూడవ వారమునకు పెద్ద టిఫిను క్యారియరు వచ్చినది. మేము వద్దనలేదు. చింతపండు పులుపు, ఇంగువ తాళింపు, వేరుసెనగపప్పు, ఎండుమిరపకాయ; నిద్ర రాదు, కడుపు బరువెక్కదు, మధ్యాహ్నమువరకు చెడదు. చదువుకొనువానికొరకే పూర్వులు కనిపెట్టిరా యన్నట్లుండెను. మాలో ఒకరు దానితో ఆవకాయ నంచుకొనుచు పక్కనే అసైన్‌మెంటు కాగితములు పెట్టుకొనగా, నూనె మూడవ పుటనుండి ఏడవ పుటవరకు దిగినది. తిరిగి వ్రాయుటకు వేళ లేక అట్లే ఇచ్చివేసిరి. దిద్దినవారు మార్కులలో ఏమియు తగ్గింపక, ఒక్కొక్క మరక చుట్టును ఎఱ్ఱసిరాతో సున్న చుట్టిరి. ఇట్లు నవ్వుచు తినుచు ఏడాది గడపితిమి. నలుగురికి సరిపడు పులిహోర ఆరు గంటల బండికి సిద్ధమగుటకు ఎన్నింటికి లేవవలెనో మేమెన్నడును లెక్కింపలేదు. గణితము వారు కూడ.

గత యేటి పరీక్షలలో బి.ఏ. వారి కాగిత మొకటి ఆదివారమున పడినది. ఆనాడు మాకందరికిని గుంటూరున పని యుండెను. బండి వేళకు టీచరుగారు స్టేషనుకు రాలేదు. బస్సులో పోయియుందురు అనుకొంటిమి. అప్పుడు మేము చింతించినది దేనిని గూర్చియనగా, పులిహోర లేదే యని. ఈ వాక్యము వ్రాయుట మాకు సుఖముగా లేదు గాని, అదియే నిజము.

మంగళవారము ఉపాధ్యాయుల గదిలో మా ప్రయోగశాల సహాయకులు అయిదవ ప్రశ్నకేమి వ్రాసితిరని ఆమె నడిగిరి. వారి సంఖ్యలు వేర్వేరు గదులలో పడినవి గనుక ఆయనకు సంగతి తెలియదు. “నేను పరీక్ష వ్రాయలేదు మాస్టారూ” అని ఆమె కుట్టుబుట్ట సర్దుకొనుచు చెప్పిరి. ఆ ముందటి రాత్రి ఆడబిడ్డకు పెండ్లిచూపులని కబురు వచ్చినది. ఆదివారము ఉదయమునకు పదునలుగురికి వంట. వండి, వడ్డనకు మరియొకరిని నిలిపి, బస్సు పట్టుకొని పోవునప్పటికి పరీక్ష మొదలై నలువది నిమిషములైనది. అరగంట దాటినవారిని లోనికి పంపరు. నియమము నియమమే, దానిని మేము తప్పుపట్టము. ఆమె వెనుకకు వచ్చి, మిగిలిన గిన్నెలు కడిగిరట. “సంబంధం మాత్రం కుదిరింది” అని నవ్విరి.

మేము మువ్వురము ఆ సాయంకాలము చాలసేపు బడి మెట్లపై కూర్చుంటిమి. పెండ్లివారినిగాని, ఆమె యింటివారినిగాని అనుటకు మాకు నోరు రాలేదు. ఆ యింట ఆమె వండిపెట్టిన ఆదివారములు ఎన్నో, బండిలో మాకు వండిపెట్టిన ఆదివారములును ఇంచుమించు అన్ని. దూరవిద్యలో చేరినవారము నలుగురము; అందులో ముగ్గురి చదువునకు నాల్గవవారు వంట చేసిరి. నాల్గవవారి చదువునకు ఎవరును చేయలేదు. మార్తమరియల కథను మనము గుడిలో ఎన్నిసార్లో వినియున్నాము. మరియవలె కూర్చుండి వినవలెనని బోధకులు చెప్పుదురు. ఆనాటి భోజనమును తుదకు ఎవరు వండిరో ఏ ప్రసంగమునందును మేము వినలేదు. మార్తయే బి.ఏ. చదువుచున్న యెడల ఏమి చేయవలెనో అంతకంటె వినలేదు.

ఆ వారమునుండి వంట మాది. ఆదివారపు భోజనమును శనివారము రాత్రియే మాలో ఒకరు వంతు ప్రకారము నలుగురికిని వండవలెనని నిశ్చయించుకొంటిమి. దీనికి ఆధారము వెదకుటకు మేము దూరము పోలేదు. నిర్గమకాండము పదునారవ అధ్యాయమున ఇశ్రాయేలీయులు మన్నాను ఏనాటికానాడు ఏరుకొనెడివారు, మిగిల్చినది పురుగుపట్టెడిది. ఆరవ దినమున మాత్రము మనిషికి రెండేసి ఓమెరులు కూర్చుకొని, కాల్చవలసినది కాల్చి, వండవలసినది వండి పెట్టుకొనిరి. అది మరునాటికి చెడలేదు. వారాంతమును ఎట్లు నడుపవలెనో ఇంతకంటె స్పష్టముగా మేమెక్కడను చదువలేదు. విశ్రాంతి దినము విశ్రాంతి దినముగా నుండవలెనన్న, వంట ముందటి దినమున ముగియవలెను.

అయితే మగవారు వండుటయా యని మొదట మా యిండ్లలోనే నవ్విరి. మా గుమాస్తాగారి తల్లిగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఆమెకు యోహాను సువార్త చివరి అధ్యాయము చదివి వినిపించితిమి. రాత్రి యంతయు వలవేసి అలసివచ్చిన శిష్యులకు తెల్లవారి ఒడ్డున కనబడిన దేమి? బొగ్గుల నిప్పులు, వానిపై చేప, రొట్టె. నిప్పు రాజవేసి ఫలహారము సిద్ధపరచి వారిని పిలిచినది ప్రభువే. పెద్దామె కండ్లద్దములు సవరించుకొని, తానే మరియొకసారి చదివి, “అయితే చేప చేయండి” అనిరి. (ఆ యుదయము వలలో పడిన చేపలు 153. ఒకటి, అయిదు, మూడు అను అంకెల ఘనములను కూడినను 153 వచ్చును. మా గణితము వారు ఈ మాట ఎక్కడనైనను చేర్చుమని పట్టుబట్టిరి.)

చేప మంచి సలహా. చేపల పులుసు వండిన పూటకంటె మరునాడు రుచియని తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. చింతపండు పులుపు ముక్కలోనికి దిగుటకు ఒక రాత్రి కావలెను. మేము నేర్చుకొన్నది కొంత చెప్పుదుము. మట్టి దాకలో వండవలెను. ముక్కలు వేసిన తరువాత గరిట పెట్టరాదు. దాకను రెండు చేతులతో పట్టి త్రిప్పవలెను. మొదటి శనివారము మేము గరిట పెట్టితిమి; ఆదివారము మాకు ముండ్ల పులుసు లభించినది. బెల్లము చిటికెడు చాలును. పూర్తిగ చల్లారిన తరువాత మూత పెట్టి, తెల్లవారి మరల కాచి క్యారియరులో పోయవలెను. పెరుగన్నము మరియొక సమస్య: ఉదయము పెరుగు కలిపినయెడల మధ్యాహ్నమునకు పండ్లు పులిసిపోవును. మెత్తగ వండిన అన్నమున కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు మాత్రము కలిపి పెట్టిన, బండిలోనే తోడుకొని తరగతి మధ్యాహ్నమునకు సరిగ సిద్ధమగును. ఇది మాకు చెప్పినవారు టీచరుగారే. వండరాదని ఆమెను ఒప్పించితిమి గాని సలహా చెప్పరాదని ఒప్పింపలేకపోతిమి. కొబ్బరి పచ్చడి జోలికి పోవలదు. వేసవిలో అది బండి కదలకముందే పాడగును.

మొదటి నెలలో మా వంట ఎట్లుండెనో విస్తరింపము. గణితము వారు ఉప్పును భిన్నములలో కొలుచుచు, ఒకసారి హారమును లవమును తారుమారు చేసిరి. ఆనాడు అధ్యయన కేంద్రపు కుళాయినొద్ద మేమే యెక్కువసేపు కనబడితిమి.

ఈ పత్రిక చదువు బాలబాలికలకును ఇందులో భాగమున్నది. తొమ్మిదవ తరగతి బాలుడొకని తల్లి సార్వత్రిక పాఠశాల మూలముగ పదవ తరగతికి కట్టినది. ఆమెకు కూర్చుండి చదువుటకు వేళ లేదు. సాయంకాలము ఆమె పొయ్యినొద్ద దోసెలు వేయుచుండగా ఆ బాలుడు గడపపై కూర్చుండి ఆమె సాంఘికశాస్త్రమును బిగ్గరగా చదువును. తప్పు చదివిన ఆమె గరిట ఎత్తును. ఒకనాడు అతడు మా యొద్దకు వచ్చి, రహస్యముగా, “సార్, మా అమ్మ నాకంటె ముందే టెన్త్ ప్యాసయిపోతుందేమో” అనెను. అతని ముఖమున భయమున్నది. కొంత గర్వమును ఉన్నది. వంటయింట చదువు వినిపించు ఈ పద్ధతి, ఏ విద్యాపండితుడును చెప్పకయే, ఆ పిల్లవాడు కనిపెట్టినది. మేము దానిని అనుకరించి, ఒకరు ఉల్లిపాయలు తరుగుచుండగా మరియొకరు కంపెనీ చట్టము చదువుచున్నాము. కన్నీరు దేనివలన వచ్చుచున్నదో చెప్పుట కష్టము.

ఇక మా పాఠశాల యాజమాన్యమువారికి మనవి యొకటి కలదు. ఉపాధ్యాయులు చదువుకొనుటను వారెన్నడును అడ్డగింపలేదు, పరీక్షలకు సెలవిచ్చిరి, గ్రంథాలయపు తాళము మా గుమాస్తాగారి యొద్దనే యుంచిరి. కాని శనివారము నాలుగు గంటలకు పెట్టు సమావేశము ఆరు గంటలకుగాని ముగియుటలేదు. అందులో సగము కాలము గత సమావేశమున ఏమి తీర్మానించితిమో జ్ఞప్తికి తెచ్చుకొనుటకు పోవుచున్నది. దానిని బుధవారమునకు మార్చినయెడల మాకు శనివారపు సాయంకాలము మిగులును. చదువుకొను సిబ్బందికి శనివారపు చివరి పీరియడును కూడ విడిచినయెడల, ఆ గంటను తక్కిన దినములలో ఎక్కువ పనిచేసి తీర్చుటకు సిద్ధముగా నున్నాము. ఇది మా మువ్వురి కొరకు అడుగుట లేదు. మాకు రెండు గంటలు తక్కువైన పులుసు కొంచెము పలుచనగును, అంతియే. ముప్పదియయిదు గంటల లెక్క వేసినవారికొరకు అడుగుచున్నాము. రాబోవు యేడు మా సిబ్బందిలో మరియిద్దరు స్త్రీలు చేరవలెనని ఆలోచించుచున్నారు. శనివారపు సంగతి తేలినగాని దరఖాస్తు కొనమని వారు స్పష్టముగ చెప్పిరి.

సంఘ పెద్దలకును ఒక మాట. తెల్లవారుజాము ఆరాధనను హాజరు తక్కువయని మానివేయుదురను వదంతి వినవచ్చుచున్నది. హాజరు తక్కువయే. కాని ఆ వచ్చువారిలో రాత్రి కాపలాదార్లు, ఆసుపత్రి నర్సులు, ఆదివారమును పని తప్పని దుకాణపు పిల్లలు, మేమును ఉన్నాము. పది గంటల ఆరాధనకు రాలేనివారము మేమే గదా.

కుట్టు టీచరుగారు మరల ఫీజు కట్టి ఆ కాగితమును ఈ మధ్యనే వ్రాసిరి. ఆ ముందటి రాత్రి ఆమె యింట వంట ఆమె భర్తగారు చేసిరి. మేము పోయి సాయపడుదుమనగా, మీ గరిట సంగతి తెలియును, రావలదని కబురు పంపిరి. ఆమె పరీక్షకు గంట ముందుగనే పోయి గేటునొద్ద కూర్చుండిరట. ఫలితము లింకను రాలేదు.

ఈ వ్యాసమును మేము గడువునకు ఒకదినము ముందుగనే సంపాదకులకు పంపుచున్నాము. ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. నేడు శనివారము, ఈ వారము వంతు గుమాస్తాగారిది, ఆయన బొచ్చెచేప కొరకు బజారునకు పోయినారు, చింతపండు నానవేసి యుంచుమని మాకు చెప్పి పోయినారు.